పగటి లగ్నం ఒకటి ఇప్పించండి

(తెలుగు పంచాంగకర్తలకు ఒక పెళ్లికూతురి బహిరంగ లేఖ)

రావులపాలెం,
పరాభవ నామ సంవత్సరం, వైశాఖం.

పంచాంగకర్తలైన సిద్ధాంతిగార్లందరికీ,

ఈ శుక్రవారం రాత్రి నా పెళ్లండి. రాత్రి అంటున్నాను గానీ, గడియారం చూస్తే అది శనివారం తెల్లవారుజాము 2 గంటల 51 నిమిషాలు. సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒకటే వారం కాబట్టి మీ లెక్కలో శుక్రవారమే. శుభలేఖలో నాన్న మీ పద్ధతిలోనే "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం" అని వేయించారు. బరంపురంలో ఉండే మా పెద్దత్తయ్య అది చదువుకుని, శనివారం సాయంత్రానికి దిగేలా రైలు టిక్కెట్టు తీయించుకుంది. ఆవిడ టిక్కెట్టు మార్పించడంతో మొదలైంది మా ఇంట్లో హడావుడి.

మామూలుగా ఈ వారంలో పెళ్లికూతురు ఉత్తరాలు రాయదు. చేతులకి గోరింటాకు ఉంటుంది, చెవి దగ్గర ఫోను ఉంటుంది, ఎదురుగా పిన్నో అత్తయ్యో చీర మడత విప్పి చూపిస్తూ ఉంటారు. నేను మాత్రం మధ్యాహ్నం అందరూ కాస్త నడుం వాల్చిన వేళ చూసుకుని రాస్తున్నాను. వచ్చే ఉగాది పంచాంగం అచ్చుకు వెళ్లిపోయాక చెప్పి ఏం లాభమండి.

ముహూర్తాలు చూసుకోకూడదని వాదించే మనిషిని కాను నేను. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మా మామ్మ దేవుడి గూట్లో పెట్టుకునే పిడపర్తివారి పంచాంగం చిన్నప్పటినుంచీ నాకు ఇష్టమైన పుస్తకం. మేనమామ ఇంట్లో నేమానివారిది. పసుపు మరకలు పడ్డ ఆ పేజీల్లో, సన్నటి అక్షరాల పట్టికల్లో ఎంత ఖగోళం దాగుందో మా పిల్లలకు బోర్డు మీద వేసి చూపిస్తుంటాను. గ్రహణం ఏ నిమిషాన పట్టి ఏ నిమిషాన విడుస్తుందో కాగితం మీద కట్టి చెప్పగలిగిన వంశాలు మీవి. ఆ గౌరవం ఉంచుకునే ఈ నాలుగు మాటలు అడుగుతున్నాను.

ఈ ఏటి పెళ్లిళ్ల తొక్కిసలాట ఎక్కడ మొదలైందో మీకు చెప్పక్కర్లేదు. పోయిన నవంబరు చివరి వారంలో శుక్రుడు మూఢంలో పడ్డాడు, ఫిబ్రవరి మూడోవారం దాకా తేలలేదు. జనవరి 19 నుంచి ఫిబ్రవరి 17 దాకా నడిచిన మాఘమాసం మొత్తం అందులోనే కలిసిపోయింది. కోనసీమలో మాఘం అంటే పెళ్లిళ్ల నెల. అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణం మాత్రం మాఘ శుద్ధ దశమి రాత్రి యథాప్రకారం జరిగింది. ఏటేటా జరిగే కల్యాణం కాబట్టి స్వామివారికి మూఢం అడ్డు రాదు. మాకు వస్తుంది. ఇక మే 17న అధిక జ్యేష్ఠం మొదలవుతోంది, జూన్ 15 దాకా పెళ్లి మాట ఎత్తకూడదు. ఆ తర్వాత వచ్చే నిజ జ్యేష్ఠం ఉంది గదా అంటారేమో. నేను ఇంట్లో పెద్దదాన్ని, పెళ్లికొడుకు వాళ్లింట్లో పెద్దవాడు. జ్యేష్ఠ సంతానాలిద్దరికీ జ్యేష్ఠంలో చేయరాదని మీ పుస్తకంలోనే ఉంది. జూలై నడిమికి ఆషాఢం. అలా వడపోయగా వడపోయగా మిగిలినవి ఈ వైశాఖంలో కొన్ని తేదీలు.

ఆకాశంలో జరిగేదానికి మీరేం చేస్తారు? శుక్రుడు సూర్యుడికి అవతలి పక్కగా పోతే (ఈసారి జనవరి 6న సరిగ్గా వెనక్కి చేరాడు) రెండు నెలల పైచిలుకు కనబడడు. మనకీ సూర్యుడికీ మధ్య నుంచి పోతే పదిరోజులు అటూఇటూగా బయటపడతాడు. సూర్యుడికి పది డిగ్రీల లోపలికి వస్తే శుక్రుడు, పదకొండు లోపలికి వస్తే గురుడు అస్తమించినట్టేనని సూర్యసిద్ధాంతం ఎన్నడో చెప్పింది. 2024 వేసవిలో ఇంకా గట్టి దెబ్బ తగిలింది. మే 18న గురుడు, జూన్ 4న శుక్రుడు, ఒకరి తర్వాత ఒకరు సరిగ్గా సూర్యుడి వెనక్కి చేరారు. ఆ వెనకే ఆషాఢం. ఏప్రిల్ ఆఖరు నుంచి శ్రావణం దాకా మా వీధిలో సన్నాయి వినబడలేదు. భజంత్రీలవాళ్లు ఆ మూడు నెలలూ ఏం తిన్నారో, ఎవరి దగ్గర అప్పు చేశారో అడిగినవాళ్లు లేరు. శ్రావణం రాగానే మాత్రం వాళ్లు ఒకే రాత్రి రెండు పందిళ్లలో వాయించాల్సి వచ్చింది.

నా బాధ మూఢం గురించి కాదండి, మిగిలిన రోజుల గురించి. అందులో "బలమైన ముహూర్తం" అని మీరు ముద్ర వేసిన తేదీలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. ఆ జాబితానే టీవీలో పొద్దున్నే చదువుతారు, పురోహితుల డైరీల్లో రాసుకుంటారు, కల్యాణమండపం మేనేజరు బల్ల అద్దం కింద పెట్టుకుంటాడు. ముహూర్తం ఉన్న తేదీకి ఒక అద్దె, లేని తేదీకి ఇంకో అద్దె. వధూవరుల నక్షత్రాలకు తారాబలం, చంద్రబలం చూసి వాళ్లిద్దరికీ విడిగా కట్టాల్సిన ముహూర్తం, ఇప్పుడు జిల్లా మొత్తానికీ ఒకే కొలతలో కుట్టిన రెడీమేడు చొక్కా అయిపోయింది. పట్టనివాళ్లు ఊపిరి బిగబట్టి తొడుక్కుంటున్నారు.

పెళ్లివారం ఎలా ఉందో వినండి.

పెళ్లికి ఒక ముహూర్తంతో సరిపోదు గదా. పసుపు కొట్టడానికి ఒకటి, పందిరిరాటకి ఒకటి, పెళ్లికూతుర్ని చేయడానికి ఒకటి. వీటి మధ్యన వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం. మా ఇంట్లో పసుపు ఉదయం 8.20 లోపు కొట్టాలన్నారు. రోట్లో కొమ్ములు పోసి, రోకలికి పసుపు రాసి తోరం కట్టి, ముత్తైదువలు కొంగులు దోపుకుని నించున్నారు. పురోహితులుగారు రారు. ఆయన ఆ వేళకి ఈతకోటలో ఇంకెవరిదో రాట పాతిస్తున్నారు. ఫోన్ చేస్తే "టైమైపోతుందమ్మా, కానిచ్చేయండి, సంకల్పం ఇక్కణ్ణుంచే చెబుతాను" అన్నారు. రోలు పక్కన పీట వేసి, పీట మీద ఫోను పెట్టి, స్పీకరు ఆన్ చేశాం. ఆయన ఈతకోట రాటకి చెబుతున్న మంత్రం ఏదో, మా రోటికి చెబుతున్న మంత్రం ఏదో తెలియలేదు. మా దొడ్డమ్మ మాత్రం రెండింటికీ కలిపి అక్షింతలు వేసేసింది. నవ్వుకున్నాం, ఫొటోలు కూడా తీసుకున్నాం. ఆయన్ని తప్పుపట్టే మనసు మాత్రం ఎవరికీ రాలేదు. కంఠం పోయి, కళ్లు లోపలికి పోయి, కారులోనే కునుకు తీస్తూ తిరుగుతున్నారు పాపం. శుక్రవారం రాత్రి నా పెళ్లి కాక ఆయనకి ఇంకో పెళ్లి ఉంది, నాకన్నా ముందు లగ్నంలో. అక్కడ అప్పగింతలు కాకముందే బయల్దేరి వస్తానని నాన్నకి మాటిచ్చారు. అంటే అక్కడి అమ్మాయికి కొన్ని మంత్రాలు తగ్గుతాయన్నమాట.

మొదటి శుభలేఖ అయినవిల్లి విఘ్నేశ్వరుడి పాదాల దగ్గర పెట్టించాం. రెండోది తిరుమలకు పోస్టు చేశాం. దేవస్థానం వాళ్లు స్వామివారి తలంబ్రాలు, కుంకుమ, కంకణం పంపుతారు గదా, అవి వచ్చేశాయి కూడా. ఏడుకొండల మీదనుంచి తలంబ్రాలొచ్చాయి గానీ పక్క వీధినుంచి జాకెట్టు రాలేదు. మగ్గంపని చేసే కుర్రాడు "ఈ ముహూర్తానికి పెళ్లికూతుళ్లే నా దగ్గర ఎంతోమంది ఉన్నారక్కా, ముందు ఎవరికివ్వమంటావు?" అని నన్నే అడుగుతున్నాడు. నేనేం చెప్పను?

రావులపాలెంలో పుట్టి అరటిగెల కోసం వెతుక్కోవాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదండి. మా ఊరి అరటి మార్కెట్టు చూశారా మీరు? లంకలనుంచి పొద్దున్నే సైకిళ్ల మీద, ఆటోల మీద గెలలు దిగుతాయి. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత. పాట అయిపోయాక లారీలకెత్తితే ఒడిశా, బీహారు, బెంగాలు దాకా పోతాయి. అలాంటి ఊళ్లో పందిరి గుమ్మానికి కట్టడానికి గెలతో ఉన్న రెండు చెట్లు దొరకలేదు. దానికీ కారణం ఉంది. చెట్టును మొదలంటా నరికి ఇవ్వాలంటే గెల పక్వానికి వచ్చి ఉండాలి, చూడ్డానికి నిండుగా ఉండాలి, రైతుకి మార్కెట్టు ధరకన్నా మిగలాలి. అలాంటి చెట్లు ఏ రోజుకైనా ఒక తోటలో కొన్నే ఉంటాయి. ఒకే తేదీకి ఊళ్లో ఉన్న పందిళ్లన్నీ వాటికోసమే పరిగెడితే ఏ లంక సరిపోతుంది? ఆఖరికి బాబాయ్ తన స్నేహితుడి తోటకి వెళ్లి రెండు చెట్లకి మా పేరు రాసిన అట్టముక్కలు కట్టి వచ్చాడు. వాటికి రాత్రి కాపలా ఎవరుంటారా అన్నది ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న చర్చ.

పూలూ అంతే. గౌతమి వంతెన దాటి వెళ్తే కడియపులంక పూల మార్కెట్టు. మామూలు రోజుల్లో బంతి, చామంతి గుట్టలుగా పోసి ఉంటాయి. ముహూర్తం ముందురోజు బేరం ఆడితే బుట్ట మీద చెయ్యి తీసేస్తారు. ముహూర్తం వెళ్లిన మర్నాడు అవే పూలు కొనే నాథుడుండడు. తోట వేసిన రైతు మీ జాబితా చూసుకుని మొగ్గ తియ్యలేడు గదా, పువ్వుకి మీ పంచాంగం తెలియదు.

ఇక ముహూర్తం శనివారంలోకి జారినందువల్ల వచ్చిన చిక్కు ఒకటుంది, అది మా ఊరివాళ్లకే అర్థమవుతుంది. శనివారం వాడపల్లి వెంకన్నది. ఏడు శనివారాలు ఏడు ప్రదక్షిణలని మొక్కుకున్న జనం శుక్రవారం రాత్రినుంచే దిగుతారు. రావులపాలెం లాడ్జీల్లో గదులుండవు, ఆటోలుండవు, లొల్ల వైపు కాలువగట్టు రోడ్డు పొద్దుటికి కదలదు. పాలకొల్లునుంచి వచ్చే మగపెళ్లివారికి విడిది కోసం నాన్న ఎక్కని మెట్టు లేదు. ఆఖరికి మా ఇంటి పక్క రెండు కుటుంబాలవాళ్లు ఇళ్లు ఖాళీ చేసిచ్చి, తామే వాడపల్లి వెళ్లి పడుకుంటామన్నారు. మా కోనసీమ మర్యాదలు ఇలాంటప్పుడే ఆదుకుంటాయి గానీ, అవతలివాళ్ల ఇంట్లో చొరబడి మర్యాద పొందడం నాన్నకి నచ్చలేదు.

నన్ను అసలు ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది మాత్రం ఇవేవీ కావు. మార్చిలో మా బంధువుల పెళ్లికి వెళ్లాను. అదీ తెల్లవారుజాము పెళ్లే. బంతిలో కూర్చుంటే నా ఆకులో పనసపొట్టు కూర వడ్డించడానికి వంగిన కుర్రాడు ఒక్కసారి బిగుసుకుపోయాడు. సెకండియరు ఎంపీసీ, మా క్లాసులో కిటికీ పక్కన కూర్చుంటాడు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెళ్లో బో. "నమస్తే మేడమ్" అనేసి బకెట్టుతో ముందుకెళ్లిపోయాడు. వాడి వెనక గారెలు పట్టుకొచ్చినవాడూ మావాడే. ఇంటరు పరీక్షల రోజులవి. మర్నాడు పేపరు ఉందా అని అడిగితే తల దించుకున్నాడు. ఈ పనికి డబ్బులు బాగానే ఇస్తారు, వద్దనే హక్కు నాకు లేదు. కానీ రాత్రి ఏడింటికి మొదలైన వడ్డన, మగపెళ్లివారి తెల్లవారుజాము టిఫిను దాకా సాగింది. ముహూర్తానికి ఎవరూ తినరు, అయినా ముహూర్తం అయ్యేదాకా వాళ్లని వదలరు. ఆ పిల్లలు కల్యాణమండపం వెనక గిన్నెల దగ్గర గోడకానుకుని నిద్రపోయారు. శుక్రవారం నా పెళ్లిలో వడ్డించేది కూడా వీళ్లో, వీళ్ల తమ్ముళ్లో.

ఇప్పుడు ఫిజిక్సు మేడంగా ఒక లెక్క అడుగుతాను, కోపగించుకోకండి.

2.51 అని నిమిషంతో సహా ఎందుకొచ్చింది? మీనలగ్నంలో పుష్కరాంశ అనే శుభ నవాంశ చూసి పెట్టారు. బావుంది. రోజుకి లగ్నాలు పన్నెండు, ఒక్కోటి సగటున రెండు గంటలు. ఒక లగ్నానికి నవాంశలు తొమ్మిది, అంటే ఒక్కో నవాంశ సగటున పదమూడు నిమిషాల చిల్లర. మీనం పొట్టిది కాబట్టి అంతకన్నా కాస్త తక్కువే. కాబట్టి ముహూర్తమంటే పది పన్నెండు నిమిషాల ఎడం ఉన్న ఒక వేళ. 2.51 అని ఒకే అంకె వేసేసరికి వీడియోగ్రాఫరు దగ్గర్నుంచి మేనమామ దాకా అందరూ ఆ ఒక్క నిమిషం మీద పడి, జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టే చేతుల్ని తోసేస్తున్నారు.

ఇంకోటి. నా ముహూర్తం పెట్టిన పుస్తకం హైదరాబాదు రేఖాంశానికి గణించింది. హైదరాబాదు ఉన్నది సుమారు 78½ డిగ్రీల తూర్పున, రావులపాలెం సుమారు 81.8 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మా ఊళ్లో లగ్నం పదమూడు నిమిషాలు ముందే ఉదయిస్తుంది. అంటే హైదరాబాదులో 2.51కి వచ్చే మీన పుష్కరాంశ రావులపాలెంలో 2.38కే వచ్చి, 2.51 అయ్యేసరికి వెళ్లిపోయి ఉంటుంది. మీ శాస్త్రం ప్రకారమే మాట్లాడుతున్నాను, నా శాస్త్రం ఇందులో కలపలేదు. దేశాంతర సంస్కారం అని మీరే నేర్పిన పద్ధతి అది. మీలో చాలామంది ఏ ఊరికి గణించారో పీఠికలో వేస్తారు కూడా. కానీ ముహూర్తాల పేజీలో వేయరు, టీవీలో చదివేటప్పుడు అసలు చెప్పరు. అర్ధరాత్రి దాటాక కోనసీమ ముసలీ ముతకా కళ్లు నులుముకుంటూ కాచుకునే ఆ నిమిషం, వాళ్ల ఊరిది కాని నిమిషమన్నమాట. ఈ సంగతి నాన్నకి చెప్పాను. "శుభలేఖలు పంచేశాం, ఇప్పుడు చెబుతావేంటే" అన్నారు. పురోహితులుగారికి చెబితే, "నిజమేనమ్మా, రెండున్నరకే పీటల మీద కూర్చోబెడతాను, ఎవరికీ చెప్పకు" అన్నారు. ఇలా పత్రికలో రాస్తానని ఆయన అనుకుని ఉండరు.

సరే, ఆ పుష్కరాంశ పగలు దొరకదా? పన్నెండు లగ్నాలూ రోజూ తిరుగుతాయి, సగం పగలే ఉదయిస్తాయి. తారాబలానికీ చంద్రబలానికీ చీకటితో పని లేదు. అభిజిత్తు ఉండనే ఉంది. భద్రాద్రి రాముడికి శ్రీరామనవమినాడు మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలోనే గదా జీలకర్ర బెల్లం. దేశ ప్రామాణిక కాలరేఖ 82½ డిగ్రీలు కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి, ఈ రోజుల్లో మా ఊళ్లో సూర్యుడు నడినెత్తికొచ్చేది గడియారంలో పన్నెండుకి నిమిషం అటూఇటూగానే. ఇంత సులువుగా అభిజిత్తు పట్టుకోగలిగిన ప్రాంతం ఇంకెక్కడుంది? ఒంటిమిట్టలో రాముడికి వెన్నెల్లో చేస్తారు, అంతర్వేదిలో రాత్రే చేస్తారు, నిజమే. దేవుళ్లకి మర్నాడు ఆఫీసు లేదు. అయినా ఒంటిమిట్టలో జనం వెన్నెల చూడ్డానికి వస్తారు, మా పెళ్లికి వచ్చేవాళ్లు కవరిచ్చి పది గంటలకల్లా ఇంటికి వెళ్లిపోతారు.

అమెరికాలో మా మేనత్త కొడుకు పెళ్లి జరిగింది. అక్కడ హాలు ముందు దొరకాలి, అదీ శనివారమో ఆదివారమో, అదీ పొద్దున్న. హాలు ఖాయం చేసుకుని ఇక్కడికి ఫోన్ చేస్తే, ఆ తేదీకే ఉదయం పదిన్నరకి దివ్యమైన లగ్నం కుదిరింది. పెట్టినవారు ఈ గడ్డమీద సిద్ధాంతిగారే. డాలస్‌లో దొరికిన పగలు రావులపాలెంలో ఎందుకు దొరకదు?

చట్టం సంగతి కూడా చెబుతాను, మీకు తెలిసిందే. 1955 హిందూ వివాహ చట్టంలో ఏడో సెక్షను ప్రకారం, సప్తపది ఆచారంగా ఉన్నచోట వధూవరులు కలిసి ఏడో అడుగు వేసినప్పుడే వివాహం పూర్తయినట్టు. జీలకర్ర బెల్లం నిమిషం ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. మాకు ఆ ఏడో అడుగు ఏ నాలుగున్నరకో పడుతుంది. అందుకు సాక్షులు ఇద్దరు వీడియోవాళ్లు, మా అమ్మానాన్నలు, నిద్రమత్తులో ఉన్న ఒక తోడిపెళ్లికూతురు. మా మామ్మకి ఎనభై దాటాయి. తలంబ్రాలు చూడాలని ఆవిడ కోరిక. ఆ వేళ దాకా కూర్చోలేదు, పడుకుంటే మేమెవ్వరం లేపలేం. ఎదురుగా వేసిన సోఫాలో ఆవిడకి పక్క వేస్తామంటున్నాడు బాబాయ్.

రాత్రి పెళ్లిళ్ల తరఫున చెప్పుకోదగ్గవీ ఉన్నాయి, నాకు తెలుసు. మే నెల ఎండలో, కోనసీమ ఉక్కలో, పట్టుచీర కట్టుకుని హోమం ముందు కూర్చోవడం మాటలు కాదు. పూర్వం పగలంతా పొలంలో ఉండేవాళ్లకి రాత్రే తీరిక. ఏసీ హాళ్లు వచ్చాక ఎండ వాదన కొంత తగ్గిందనుకోండి, హాలు లేనివాళ్లకి అది ఇంకా ఉంది. అలాంటివాళ్లకి సాయంత్రం గోధూళి వేళ ఉంది, పొద్దున్న ఎనిమిది లోపు లగ్నాలున్నాయి. ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి. అర్ధరాత్రి ముహూర్తమంటే గట్టిదని, పగటి ముహూర్తమంటే ఏదో సర్దుబాటని మా పెద్దవాళ్ల మనసుల్లో నాటుకుపోయింది. మీలో ఒకరిద్దరు పగటి లగ్నం పెట్టిచ్చినా, "ఇంతకన్నా బలమైనది లేదా పంతులుగారూ" అని తిప్పి పంపే తండ్రులున్నారు. మా నాన్న ఆ జాబితాలో మొదటివారు. అందుకే ఈ మాట ఇంట్లో నేను చెబితే చెల్లదు, అచ్చులో మీరు వేస్తేనే చెల్లుతుంది.

ఏం వేయమంటానంటే, ముహూర్తాల పేజీలో ప్రతి తేదీకి పగటి లగ్నాలు ముందు వరసలో, రాత్రివి తర్వాత వరసలో వేయండి. ఇంతనుంచి ఇంతదాకా అని వేళ రాయండి, ఒంటి నిమిషం రాయకండి. ఏ ఊరికి గణించారో ఆ పేజీలోనే, పెద్ద అక్షరాల్లో. రాజమండ్రికి, విజయవాడకి, హైదరాబాదుకి, తిరుపతికి సవరణ నిమిషాల చిన్న పట్టిక ఒకటి కింద ఉంటే చాలు, మిగతా ఊళ్లవాళ్లు చూసుకుంటారు. దృక్‌సిద్ధమనీ పూర్వపద్ధతనీ మీ మధ్య ఉన్న పేచీలో నేను వేలు పెట్టను. మేఘనాథ్ సాహా అంతటి శాస్త్రవేత్త అధ్యక్షత వహించిన సంఘం 1955లో నివేదిక ఇచ్చి, 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండరు అమల్లోకి వచ్చినా ఆ పేచీ తెగలేదు. కనీసం మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు వదులుతుందో మీరంతా ఒకచోట కూర్చుని ఒక్క తేదీ చెప్పండి. ఒక పుస్తకంలో మూఢం వదిలిన రోజు ఇంకో పుస్తకంలో వదలకపోతే ఆడపిల్లవారు ఒకటి, మగపిల్లవారు ఒకటి పట్టుకుని కూర్చుంటున్నారు. రెండింటికీ ఆమోదమైన తేదీలు ఇంకా తగ్గిపోతున్నాయి.

మీలో ప్రతి ఒక్కరి పేరూ ఒక ముద్ర లాంటిది, మీ పుస్తకంలో పగటి లగ్నం మొదటి వరసలో కనబడితే మా నాన్నలాంటివాళ్లు మారుమాట్లాడరు. కల్యాణమండపంవాళ్లు ఒకే తేదీకి రెండు పెళ్లిళ్లు ఒప్పుకోగలుగుతారు, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. పురోహితులుగారు మంత్రం మింగకుండా చెప్పగలుగుతారు. సన్నాయి మేళానికి రెండు పూటలా పని దొరుకుతుంది, నిద్రా దొరుకుతుంది. మా సెకండియరువాడు మధ్యాహ్నం వడ్డించి సాయంత్రానికి ఇంటికెళ్లి పుస్తకం తీస్తాడు. తీస్తాడని హామీ ఇవ్వలేను, తీసే వీలుంటుంది.

గుమ్మంలో కుమ్మరి ఐరేని కుండలు దింపుతున్నాడు, అమ్మ పిలుస్తోంది. ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మా చెల్లెలిది రోహిణి, రెండో పాదం. వచ్చే ఏడాది దానికి సంబంధాలు చూస్తారు. మీ కొత్త పంచాంగం కొనగానే మా ఇంట్లో ముందు తీసేది ముహూర్తాల పేజీ.

మీలో ఎవరైనా శుక్రవారం ఈ దారిన వెళ్తుంటే తప్పకుండా రండి. భోజనాలు సాయంత్రం ఏడింటినుంచి. ముహూర్తం దాకా ఉండమని మాత్రం ఎవర్నీ బలవంతపెట్టడం లేదు.

ఇట్లు,
పెళ్లికూతురు,
రావులపాలెం.